బుడమేరుకు దారి

వరద అనగానే మన విజయవాడ వాళ్ళకి ముందు కృష్ణమ్మే గుర్తొస్తుంది. కాని 2024 సెప్టెంబరు 1వ తేదీన అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్ళలోకి వచ్చినవి కృష్ణ నీళ్ళు కావండీ, బుడమేరువి. పరుపులు, బియ్యం డబ్బాలు, కుట్టుమిషన్లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ మునిగాయి. డాబాల మీద నిలబడి, మంచినీళ్ళకీ పాలప్యాకెట్టుకీ పడవ కోసం ఎదురుచూసినవాళ్ళలో మన శ్రోతలూ ఉండే ఉంటారు.

వేసవిలో చూస్తే బుడమేరు ఒట్టి మురుగు కాలువలా ఉంటుంది. దీన్ని బెజవాడ దుఃఖదాయని అంటారంటే కొత్తవాళ్ళు నమ్మరు. మైలవరం వైపు కొండల మీద పడ్డ వానంతా ఇందులోకే వస్తుంది. నగరం పక్కగా, ఎనికేపాడు దగ్గర సాగునీటి కాలువ అడుగునుంచి దూరి, చివరికి కొల్లేరు చేరుతుంది. అక్కణ్ణుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. ఊరికి ముప్పు తప్పించడానికి పెద్దలు వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరదను కృష్ణలోకి మళ్ళించే చానలు ఒకటి తవ్వించారు. అది ప్రకాశం బ్యారేజీకి ఎగువన కలుస్తుంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 2009 వరదనూ మించిపోయింది. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు, మన లెక్కలో సుమారు రెండు బిందెలు. కృష్ణ అంత ఎత్తున ఉంటే చానలు నీళ్ళు అందులోకి దిగేదెలా? వంటింటి తూము బయట వీధి కాలవ పొంగితే, లోపల ఎంత కడిగినా నీళ్ళు పోవు కదా! ఆ చానలు ఎడమ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం కూడా వచ్చి సాయం చేస్తే సెప్టెంబరు 7కి గాని పూడలేదు.

అందుకని పూడిక తీస్తే చాలు, గుర్రపుడెక్క ఏరితే చాలు అనేవాళ్ళ మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. అవి ఏటా వేసవిలో జరగాల్సిన పనులే. గట్లు పటిష్ఠం చెయ్యాలి, వంతెనల కింద ఇరుకు విప్పాలి. కాని ముందు దిగువ దారి తెరవాలి. ఎనికేపాడు తూము ఇరుకుగానే ఉండగా పైన ఎంత వెడల్పు చేసినా, నీళ్ళు మరింత వేగంగా వచ్చి అక్కడే నిలబడతాయి. పోనీ తూమూ పెంచితే ఆ నీళ్ళు కొల్లేటి ఊళ్ళమీద పడతాయి. ఉప్పుటేరునీ బాగుచెయ్యకపోతే మన ఇల్లు తుడిచి పక్కింటి గుమ్మంలో పోసినట్టే!

ఇక ఆక్రమణల మాట. ఏటి పోరంబోకులో ఇళ్ళు కట్టారని తిట్టడం తేలిక. అమ్మినవాడు దర్జాగా ఉన్నాడు, గాజులమ్మి కొన్న ఇల్లాలు మునిగింది. కాలువ వెడల్పు చేసేటప్పుడు ఆవిడకి వేరే చోటు ముందు చూపించి, ఆ తర్వాతే గోడమీద చెయ్యి వెయ్యాలి. వానాకాలం మధ్యలో కాదు, సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెడితే ఎండలు ముదిరేసరికి కొంతైనా తెములుతుంది.

స్థలం కొనబోయే సోదరీమణులు మాత్రం దస్తావేజు ఒక్కటీ చూసి ఊరుకోకండి. ఆ వీధిలో పాతకాపును పిలిచి, 2024లో నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గోడమీద చూపించమనండి.