విద్యుత్తు సైకిలు: నా తొలి అనుభవం



ఈ పూట నేను విత్తనం గురించీ, ఎరువు గురించీ చెప్పబోవడం లేదు. ఒక సైకిలు గురించి చెప్పదలచాను. వ్యవసాయం చెప్పేవాడికి సైకిలుతో పనేమిటని మీరు అనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఈ మాట తిరిగి తిరిగి వరిచేలోకే వస్తుంది.

నాది నల్లగొండ జిల్లా. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది ఆయకట్టులో వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేస్తున్నాను. చదివింది వ్యవసాయ డిప్లొమా. మా తెలంగాణలో ఒక్కొక్క విస్తరణాధికారికి సుమారు 5,000 ఎకరాల క్లస్టరు అప్పగించి ఉంటుంది. ఇన్నాళ్ళూ దానిని పెట్రోలు బండి మీదనే చుట్టివచ్చేవాణ్ణి. పెట్రోలు ఖర్చు సంగతి అలా ఉంచండి. బండి మీద పోయేవాడికి రోడ్డు కనపడుతుంది గాని చేను కనపడదు. అందుకని 2024 వానాకాలంలో 32,000 రూపాయలు పెట్టి ఒక విద్యుత్తు సైకిలు కొన్నాను.

చూడడానికి అది మామూలు సైకిలే. వెనుక చక్రం హబ్బులో 250 వాట్ల చిన్న మోటారు ఉంటుంది. అంటే హార్సుపవరులో మూడో వంతు. ఫ్రేముకు బిగించిన బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ గంటలది. నిండా చార్జి చేస్తే అందులో 360 వాట్ గంటల విద్యుత్తు నిలువ ఉంటుంది. ఈ లెక్క మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే, మీ బోరు మీది 5 హార్సుపవరు మోటారు సుమారు ఆరు నిమిషాలు తిరిగితే ఎంత కరెంటు అవుతుందో, ఈ బ్యాటరీ నిండడానికి ఇంచుమించు అంతే. అర యూనిట్‌కు మించదు.

దీనిని రెండు విధాల నడపవచ్చు. పెడలు తొక్కుతూ ఉంటే మోటారు తోడు పట్టడం ఒక పద్ధతి. పెడలు మాని, కుడిచేతి పిడి తిప్పితే మోటారే లాగుకొని పోవడం రెండవది. మొదటిదానిలో కాలికి పని ఉంటుంది, బ్యాటరీకి ఊపిరి ఉంటుంది. రెండవదానిలో కాలికి సుఖం, బ్యాటరీకి చేటు. ఈ రెంటికీ ఉన్న తేడాను తెలుసుకొనడానికి నేను కొంత మూల్యం చెల్లించాను. అదే మీకు చెప్పబోయేది.

మొదటి రోజు సంగతి వినండి. మనందరికీ చిన్ననాటి నుంచి అలవాటైన పద్ధతి ఒకటున్నది గదా! ఎడమకాలు పెడలు మీద వేసి, కుడికాలితో నాలుగు తోపులు తోసి, ఎగిరి సీటు మీద కూర్చుంటాం. నేనూ స్విచ్చి వేసి అలాగే ఎక్కబోయాను. కాలు బరువుకు పెడలు సగం చుట్టు తిరిగిందో లేదో, మోటారు అందుకొని సైకిలును ముందుకు లాగివేసింది. నేను ఒక పక్క, సైకిలు ఒక పక్క. మోచేయి దోక్కుపోయింది. కాబట్టి మొదటి మాట: ముందు సీటు మీద కూర్చోండి, తర్వాతనే స్విచ్చి వేయండి. దిగేముందు స్విచ్చి తీసివేయండి.

ఆ దెబ్బ మరచిపోతే మిగిలినదంతా హాయి. ఎదురుగాలిలో సైతం వెనుక నుంచి ఎవరో చేయి వేసి నెడుతున్నట్టు ఉంటుంది. చప్పుడు లేదు. కాలువ గట్టు మీద పోతుంటే నీళ్ళ సవ్వడి వినపడింది. వరిచేలో తెల్లకంకులు పది గజాల దూరం నుంచే కంటబడ్డాయి. దిగి చూశాను, కాండం తొలుచు పురుగే. పెట్రోలు బండి మీద అయితే ఆ చేను దాటిపోయి ఉండేవాణ్ణి. ఐతే చప్పుడు లేకపోవడం కూడా ఒక చిక్కే సుమా! ముందు పోయే మనిషికీ, గొడ్డుకూ మనం వస్తున్నట్టు తెలియదు. గంట కొట్టడం మానవద్దు.

నాలుగు రోజులు ఇలా నడిచింది. అమ్మినవారు 40 కిలోమీటర్లు వస్తుందన్నారు. నేను నమ్మాను. అక్కడే పొరపాటు జరిగింది.

అయిదవ రోజున వెనుక క్యారియరు మీద స్ప్రేయరు కట్టుకొని, పెడలు ముట్టకుండా, పిడి తిప్పుకుంటూ రెండు ఊళ్ళు తిరిగాను. 12 కిలోమీటర్లు అయింది. అంతలో కాలువ చివరి ఊరి రైతు ఒకాయన ఫోను చేశాడు. ఆయనది రెండెకరాల వరి. కంకి బయటికి వచ్చిన చేను. నడుమ నడుమ గుండ్రంగా ఎండిపోతున్నదన్నాడు. సుడిదోమ అని అర్థమైంది. "ఒంటిగంటకల్లా వస్తున్నాను" అని చెప్పాను. అక్కడికి 11 కిలోమీటర్లు. ఏడు కిలోమీటర్లు పోయేసరికి వంతెన ఎత్తు దగ్గర మోటారు ఆగిపోయింది. మిగిలినది నాలుగు కిలోమీటర్లు, అందులో సగం దారి బురద. నల్లరేగడి చక్రానికి చుట్టుకున్నది. పైన స్ప్రేయరు బరువు. తొక్కలేక, దిగి తోసుకుంటూ పోయాను. ఫోను చేద్దామంటే గట్టు మీద సిగ్నలు లేదు.

నేను చేరేసరికి రెండుంబావు. ఆ రైతు దుకాణంలో ఇచ్చిన రెండు మందులు అప్పటికే తెచ్చి పెట్టుకొని నాకోసం కనిపెట్టుకొని ఉన్నాడు. ఆ సంగతి నాకు తెలియదు. మందు కొట్టే కూలీ ఇంకొక చేనికి పోవలసి ఉండడంతో, ఇక ఆగలేక రెండూ కలిపి కొట్టించడం మొదలుపెట్టాడు. అందులో ఒకటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందు. సుడిదోమకు ఆ జాతి మందు కొడితే దోమ చావడం అటుంచి, ఇంకా ఉధృతమవుతుంది. పైగా ఆకుల మీద కొట్టారు. దోమ ఉండేదేమో దుబ్బు మొదట్లో. అప్పటికి అర ఎకరం అయిపోయింది.

మిగిలిన ఎకరంన్నర ఆపించాను. దుబ్బులు తట్టి చూస్తే ఒక్కొక్కదానికి ముప్పైకి పైగా దోమలు రాలాయి. మడిలో నీళ్ళు తీయించి, రెండేసి మీటర్లకు పాయలు తీయించి, మరునాడు సరైన మందు మొదళ్ళు తడిసేలా కొట్టించాము. చేను దక్కింది. కాని ఆ అర ఎకరానికి మందు ఖర్చు రెండింతలయింది. అందులో మూడు గుంటలు తాలుపోయింది. నేను చెప్పిన వేళకు పోయి ఉంటే ఈ నష్టం ఉండేది కాదు.

ఆ రైతు నన్ను ఒక్క పరుషపు మాట అనలేదు. బురద అంటిన నా సైకిలును చూసి ఇలా అన్నాడు: "సారూ, కొత్త ఇత్తనమొస్తే ముందుగాల ఒక మడిల ఏసి సూడుండ్రి అని మాకు చెప్తరు. మీరు గీ సైకిలును ఏ మడిల ఏసి సూసిండ్రు?"

జవాబు చెప్పలేకపోయాను. సంచి మీద అచ్చు వేసిన దిగుబడిని నమ్మవద్దని మీకు చెప్పే నేను, అట్ట మీద అచ్చు వేసిన 40 కిలోమీటర్లను నమ్మాను.

తర్వాతి వారం ఆ సైకిలును మడిలో వేసినట్టే పరీక్షించాను. ఊరి చుట్టూ దారిలో మూడుసార్లు నిండు చార్జితో బయలుదేరి, ఆగిపోయేదాకా నడిపి, పుస్తకంలో రాసుకున్నాను. బరువు లేకుండా పెడలు తొక్కుతూ పోతే 34 కిలోమీటర్లు వచ్చింది. స్ప్రేయరు కట్టుకొని తొక్కుతూ పోతే 27. స్ప్రేయరుతో, తొక్కకుండా పిడి మీదనే పోతే 19. ఆ రోజు నేను ఆగిపోయింది కూడా సరిగ్గా 19 వద్దనే! ఇప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒకటే. అన్నిటిలోకి తక్కువ వచ్చిన లెక్కలో సగం దూరం, అంటే 9 కిలోమీటర్లు దాటి పోవలసి ఉంటే పెట్రోలు బండి తీస్తాను. అంతకు లోపల అయితే సైకిలే.

కొనదలచినవారికి మరి నాలుగు మాటలు. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న సైకిలుకు లైసెన్సు అవసరం లేదు. హెల్మెట్ మాత్రం పెట్టుకోండి, మంచిది. 45 కిలోల యూరియా బస్తాను క్యారియరుకు ఎత్తకండి. దాని బ్రేకులు ఆ బరువుకు చేసినవి కావు. మీ బ్యాటరీ స్ప్రేయరు చార్జరును దీనికి పెట్టవద్దు, దీని చార్జరును స్ప్రేయరుకు పెట్టవద్దు. బ్యాటరీల జాతి వేరు, వోల్టులు వేరు, నిప్పు అంటుకొనే ప్రమాదం ఉన్నది. చార్జి పెట్టేటప్పుడు గడ్డివాముకూ, ఎరువు బస్తాలకూ, పురుగుమందులకూ దూరంగా, మీరు మెలకువగా ఉన్న వేళ పెట్టండి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే కాక, బ్యాటరీ చల్లారిన తర్వాత పెట్టండి. బురద అయిందని బోరు పైపు పెట్టి కడగవద్దు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

మోకాళ్ళ నొప్పితో చేనికి పోవడం మానుకున్న పెద్దలకు ఇది మంచి ఊతం. రెండు మూడు కిలోమీటర్ల దూరంలో చేను ఉన్నవారికి ఖర్చు కలిసివస్తుంది. మీలో ఎవరైనా కొంటే, ముందు మీ దారిలో, మీ బరువుతో ఒకసారి నడిపి, ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో రాసి ఉంచండి. ఈసారి రైతువేదికకు వచ్చినప్పుడు ఆ లెక్క నాకు చూపండి. నా పుస్తకంలో ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉన్నది.