సిసు – ఫిన్నుల గుండెదిటవు



ఫిన్లండు దేశీయుల భాషయందు 'సిసు' యను చిన్నమాట యొకటి గలదు. లోపలిభాగమను నర్థముగల పదమునుండి యది పుట్టినది. మన 'గుండెదిటవు' దానికి సమీపమే గాని సరిసమానము గాదు. బలము ముగిసినదని తోచిన పిదప గూడ పనిని విడువని పట్టుదల యది.

1939 నవంబరు 30వ తేదీన సోవియట్ సేనలు దండెత్తి రాగా నా చిన్నరాజ్యము 105 దినములు పోరాడిన సంగతి యెల్లరును చెప్పుదురు. నాకు దాని తరువాతి కథయే ముఖ్యముగ దోచును. కరేలియా ప్రాంతము చేజారినది. నాలుగులక్షలకు పైబడిన జనులు ఇల్లు వాకిలి విడిచి వచ్చిరి. అందనేకులు నడుమ తిరిగిపోయి, పాడువడిన యిండ్లు బాగుచేసికొని, 1944లో మరల విడువవలసినవారైరి. అట్టివారికి 'ఓర్చుకొనుడు' అని యుపదేశించి యా దేశ మూరకుండలేదు. 1945లో శాసనముచేసి, ప్రభుత్వపు భూములనుండియు, భూములుగల వారియొద్దనుండియు భాగములు గైకొని వారికి పంచిరి. కొందరికి లభించినది కేవలము అడవి. చెట్లు నరికి, రాళ్లేరి, చిత్తడినేలల నీరు తీసి సేద్యము జేసిరి. ఆ దినములలోనే సోవియట్ ప్రభుత్వమునకు నష్టపరిహారముగ ఓడలును యంత్రములును చేసి యిచ్చి 1952 నాటికి ఋణము దీర్చిరి.

కావున సిసు ఒంటరివాని గుణము మాత్రమేయన్న నేనంగీకరింపను. చదువు మధ్యలో మానిన పేదబాలునకు ధైర్యము గరపుట సులభము. వానికి భోజనవసతి యేర్పరచుట వ్యయముతో గూడిన పని. విద్యార్థినిధి తీర్మానము నేటి మధ్యాహ్నము మీయెదుటికి వచ్చును. చందాపుస్తకము వేదికకు కుడిప్రక్కన నున్నది.