ప్రశ్న ముందు, ప్రశ్నావళి తరువాత

ఎదురుగా బి.కాం., ఎం.బి.ఎ. విద్యార్థులే ఎక్కువగా ఉన్నారు కాబట్టి నేరుగా మీ ప్రాజెక్టు పనిలోకే వస్తాను.

మీలో చాలామంది ముందు ప్రశ్నావళి రాసుకుని, ఆ తరువాత ఊరు వెతుక్కుంటారు. ఆ వరస మారాలి. ఉదాహరణకు, సాలూరు చుట్టూ ఉన్న కొండల మీంచి చింతపండు, కొండచీపుళ్ళు, అడ్డాకులు సంతకు దిగుతాయి. ‘గిరిజనులకు గిట్టుబాటు ధర ఎందుకు రావడంలేదు?’ అని మీరు అడగబోతున్నారనుకోండి. ధర రావడంలేదని అందులో ముందే తేల్చేశారు! మొదట కావలసింది అన్వేషణాత్మక పరిశోధన. కాగితం పక్కన పెట్టి సంతకు వెళ్ళండి. తూకం ఎవరిదో, డబ్బు చేతికి వచ్చిందో, షావుకారు పాత బాకీలో జమ అయిందో చూడండి. బాకీ సంగతి తెలియకపోతే ధర మీద మీరు అడిగే ప్రశ్నలన్నీ వృథాయే.

ఎంతమంది, ఎంత సరుకు అన్న లెక్క తరువాత వస్తుంది. అది వర్ణనాత్మక పరిశోధన. చోళ్ళు కుంచాల్లో చెబుతారు, చీపుళ్ళు కట్టల్లో చెబుతారు. మీరే తూచి కిలోల్లోకి మార్చుకోవాలి. సంతకొచ్చినవాళ్ళనే అడిగితే, ఊళ్ళోనే దళారికి అమ్మేసినవాళ్ళు నమూనాలోకి రారు. కాబట్టి గ్రామాల జాబితా పెట్టుకుని చీటీ తీయండి. కువి మాట్లాడే ఇళ్ళకు ఆ భాష వచ్చినవాళ్ళను వెంట తీసుకెళ్ళండి.

ఇక అచ్చులో దొరికే సమాచారం. వడ్డీ వ్యాపారుల, దళారుల పట్టు తప్పించడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. దాని కొనుగోలు లెక్కలు చాలా విలువైనవి. అయితే అవి సంస్థకు చేరిన సరుకు లెక్కలే, అడవిలో కాసిన కాపు లెక్కలు కావు. కొనుగోలు తగ్గిందంటే కాపే తగ్గి ఉండొచ్చు, బయటి వ్యాపారి రూపాయి ఎక్కువిచ్చి ఉండొచ్చు.

అన్నిటికన్నా కష్టం కారణం తేల్చడం. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తరువాత ధర పెరిగితే గుర్తింపువల్లే అనేస్తాం. కానీ 2021లో బ్రెజిల్ తోటల మీద మంచు పడి ప్రపంచమంతటా అరబికా ధర ఎగిసింది. గుర్తింపు లేని అరబికా ధర అదే కాలంలో ఎలా కదిలిందో పక్కన పెట్టి చూడనిదే ఏదీ చెప్పలేం.

కొండెక్కలేనివారికి ఊళ్ళోనే పని ఉంది. సాలూరు లారీల ఊరు. ఒక్క లారీని తీసుకుని ఏడాదిపాటు డీజిలు, టైర్లు, ఫైనాన్సు వాయిదా, రాయపూర్ వైపునుంచి ఖాళీగా తిరిగొచ్చిన ట్రిప్పులు రాసి చూడండి. దాన్నే కేస్ స్టడీ అంటారు. యజమాని లెక్కల పుస్తకం ఒక్కటే చాలదు, డ్రైవరును, క్లీనరును కూడా విడివిడిగా కూర్చోబెట్టి అడగండి.