చిన్న వ్యాపారికి ఒక నవలా రచయిత నేర్పే పాఠాలు

(దోహాలో తెలుగు శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగ పాఠం)

 

చిన్న వ్యాపారం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారనగానే మా ఆవిడ నవ్వింది. "లోతు ఎంతో మునిగినవాళ్ళనే అడగాలి లెండి" అంది. నిజమే, నేను ఒకసారి నిండా మునిగి తేలినవాణ్ణి. అందుకని నా గొప్పలు చెప్పను. వ్యాపారం నాకన్నా బాగా తెలిసిన ఒక రచయిత గురించి చెబుతాను. ఆయన యండమూరి వీరేంద్రనాథ్ గారు. మా కోనసీమలో రాజోలు ఆయన పుట్టిన ఊరు. గల్ఫ్ దేశాలకి ఇంటికొకరు చొప్పున వచ్చే ప్రాంతం మాది.

ఆయన నవలల్లో మంచీ చెడూ తేల్చడం నా పని కాదు. పుస్తకాన్ని ఒక సరుకు అనుకుని, పాఠకుణ్ణి ఖాతాదారు అనుకుని చూస్తే ఆయన దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

మొదటిది. ఆయన చార్టర్డ్ అకౌంటెంట్. స్టేట్ ఫైనాన్షియల్ కార్పొరేషన్లో, తర్వాత ఆంధ్రా బ్యాంకులో ఉద్యోగం చేస్తూనే నవలలు రాశారు. పేరు రాగానే ఉద్యోగం వదిలెయ్యలేదు. నేనేం చేశానో చెబితే మీకు తేడా తెలుస్తుంది. 1997లో ఇక్కడ నజ్మాలో వీడియో క్యాసెట్ల కొట్టు పెట్టాను. పెట్టకముందే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను. లైసెన్సు కఫీల్ పేరు మీద, అద్దె నా నెత్తి మీద. మొదటి ఆరు నెలలు తిండికి ఎలా అన్న ఆలోచనే లేదు. శుక్రవారం సాయంత్రం కొట్టు కిటకిటలాడుతుంటే ఆ జనం ఎప్పటికీ ఉంటారనుకున్నాను.

రెండోది, మాట తప్పకపోవడం. తులసిదళం లాంటి నవలలు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పత్రిక ఊళ్ళోకి రాకముందే బడ్డీకొట్టు దగ్గర మనుషులు నిలబడేవారు. సీరియల్ అంటే ఏమిటి? ప్రతివారం ఫలానా రోజుకి ఇన్ని పేజీలు ఇస్తానని ఒప్పుకోవడం. జ్వరం వచ్చింది, చుట్టాలొచ్చారు అంటే కుదరదు. పైగా ఈ వారం చదివినవాడు వచ్చే వారం తప్పకుండా వచ్చేలా ఎక్కడ ఆపాలో తెలియాలి. మన కొట్టుకి వచ్చినవాళ్ళకి మళ్ళీ రావడానికి ఒక కారణం చెప్పి పంపుతున్నామా? "వచ్చే గురువారం ఊరినుంచి సరుకు దిగుతోందండీ" అని ఒక్క మాట చెబితే చాలు. చెప్పిన గురువారం అది కొట్టులో ఉండాలి, అంతే.

మూడోది, ఒక్క కష్టానికి మూడు రాబడులు. ముందు సీరియల్, తర్వాత పుస్తకం, ఆ తర్వాత సినిమా. అభిలాష నవల 1983లో సినిమా అయింది. డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు నవల 1984లో ఛాలెంజ్ అయింది. అయిదేళ్ళలో యాభై లక్షలు సంపాదిస్తానని పందెం కట్టిన కుర్రవాడి కథ అది. మనవాళ్ళలో వ్యాపారం పిచ్చి పుట్టినవాళ్ళలో సగం మంది చిరంజీవిని ఆ సినిమాలో చూసినవాళ్ళే. కథ ఒక్కటే, అమ్మిన చోట్లు మూడు. ఒక్కసారి పడ్డ శ్రమని ఇంకెక్కడ వాడుకోవచ్చో ఆలోచించడం ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

నాలుగోది అసలు పాఠం. ఇది నేను బాగా నష్టపోయాక అర్థం చేసుకున్నది.

1995లో ఈటీవీ, జెమిని మొదలయ్యాయి. సాయంత్రం పూట వారపత్రిక పట్టుకునే చేతుల్లోకి రిమోట్ వచ్చింది. సీరియల్ అంటే పత్రికలో చదివేది కాదు, టీవీలో చూసేది అయింది. అప్పటిదాకా ఉత్కంఠ నవలలతో పేరు తెచ్చుకున్న రచయిత ఏం చెయ్యాలి? అవే నవలలు రాస్తూ, జనం చదవటం లేదని తిట్టుకుంటూ కూర్చోవచ్చు. ఆయన అలా కూర్చోలేదు. విజయానికి ఐదు మెట్లు లాంటి వ్యక్తిత్వ వికాస పుస్తకాలు రాశారు. చదువుకుంటున్న కుర్రాళ్ళు, ఉద్యోగాలు వెతుక్కుంటున్నవాళ్ళు అవి కొన్నారు. కలం అదే, పేరు అదే, మారింది సరుకు.

సరిగ్గా అదే టీవీ నా కొట్టునీ దెబ్బ కొట్టింది. ఒక్కొక్క ఇంటి మీదా డిష్ లేచింది. క్యాసెట్ పోయి సీడీ వచ్చింది. నేనేం చేశాను? ఇంకా ఎక్కువ క్యాసెట్లు తెప్పించాను! కొత్తవి ఉంటే జనం తిరిగొస్తారనుకున్నాను. 2003 నాటికి కొట్టు అద్దెకి ముందుగా రాసిచ్చిన చెక్కులు ఇంకా అయిదు మిగిలి ఉన్నాయి, ఖాతాలో డబ్బు లేదు. ఇక్కడ చెక్కు తిరిగొస్తే అది కేవలం అప్పు గొడవ కాదు, పోలీసు కేసు. ఊళ్ళో మా ఆవిడ బంగారం, మంగళసూత్రాలు తప్ప, అంతా బ్యాంకులో తాకట్టులో ఉంది. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక కుర్రాడు కొట్టులో ఒక పుస్తకం మర్చిపోయి వెళ్ళాడు. యండమూరి పేరు చూసి, ఏ చేతబడి కథో అనుకుని తెరిచాను. కాదు, విజయానికి ఐదు మెట్లు. అందులో ఏముందో పక్కన పెట్టండి. ఈయన కూడా సరుకు మార్చేశాడే అన్న ఆలోచనే నన్ను పట్టుకుంది.

ఆ వారమే మా పాత ఖాతాదారు ఒకావిడ చివరి క్యాసెట్లు తిరిగిచ్చేసి, "డిష్ పెట్టించుకున్నాం తమ్ముడూ, ఇక అక్కర్లేదు. ఊరెళ్ళి వచ్చేవాళ్ళెవరైనా ఆవకాయ తెస్తే మాత్రం చెప్పు" అంది. ఆవిడ వెళ్ళాక లెక్క వేసుకున్నాను. ఆరేళ్ళుగా నా కొట్టుకి వచ్చినవాళ్ళు క్యాసెట్‌తో పాటు ఇంకేం అడిగేవారు? ఉగాదికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుంది, ఎవరు ఊరు వెళ్తున్నారు, ఆత్రేయపురం పూతరేకులు ఎవరైనా తెచ్చారా. వాళ్ళు వచ్చింది ప్లాస్టిక్ డబ్బా కోసం కాదు, ఇంటి వాసన కోసం. అది నాకు ఆరేళ్ళపాటు వినపడలేదు.

కఫీల్‌ని బతిమాలి లైసెన్సులో వ్యాపారం మార్పించాను. పచ్చళ్ళు, పొడులు, పండగ సామాను పెట్టాను. చెక్కులు రెండు నెలలు వెనక్కి జరపమని ఇంటాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. బంగారం విడిపించడానికి మాత్రం నాలుగేళ్ళు పట్టింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. యండమూరి గారు సినిమా దర్శకత్వం కూడా చేశారు. 1990లో అగ్నిప్రవేశం, 1991లో చిరంజీవితో స్టువర్టుపురం పోలీస్ స్టేషన్. అవి నవలల్లాగా ఆడలేదు. ఆయన మళ్ళీ కలం దగ్గరికే వచ్చారు. సరుకు మార్చడం వేరు, చేతిలో ఉన్న పని వదిలెయ్యడం వేరు. నేను కూడా పచ్చళ్ళు కాస్త నడవగానే హోటల్ పెడదామనుకున్నాను. మా ఆవిడ ఆపింది కాబట్టి బతికిపోయాను.

ఇప్పుడు కొట్టు పెట్టేవాళ్ళకి రోజులు కొంత మారాయి. అప్పట్లో మామూలుగా 51 శాతం వాటా ఖతారీ భాగస్వామికి ఉండాలి. 2019లో వచ్చిన 1వ నంబరు చట్టంతో, ప్రభుత్వ అనుమతి తీసుకుని చాలా రంగాల్లో విదేశీయులు నూరు శాతం వాటా పెట్టుకోవచ్చు. కాగితం మన పేరు మీదకి వస్తే నష్టం కూడా పూర్తిగా మన పేరు మీదకే వస్తుందని మర్చిపోకండి.

ఒక్క చిన్న పని చెప్పి ముగిస్తాను. గల్లాపెట్టె పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. మీరు అమ్మింది బిల్లులో ఎలాగూ ఉంటుంది. ఖాతాదారు అడిగినా మీ దగ్గర లేనిది మాత్రం ఆ పుస్తకంలో రాయండి. నెలాఖరున ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టుకుని చదవండి. నా రెండో కొట్టు ఆ పుస్తకంలోంచే పుట్టింది. మొదటి కొట్టు పెట్టినప్పుడే అది ఉండి ఉంటే మా ఆవిడ బంగారం ఊళ్ళో తాకట్టుకి వెళ్ళేది కాదు.