చేతి లేసు, మిషను లేసు
(మండల సమాఖ్య మహాజన సభలో ఒక గ్రూపు లీడరు ప్రసంగం)

నేను పదో తరగతి వరకే చదివాను, మైకు అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకోండి.

మన నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఇళ్ళు ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. 1840ల ప్రాంతంలో స్కాట్లాండు మిషనరీలు ఇక్కడి ఆడవాళ్ళకి ఈ పని నేర్పారంటారు. మా అమ్మమ్మ అల్లింది, అమ్మ అల్లింది, నేను ఎనిమిదో తరగతి సెలవుల్లో సూది పట్టాను. 2024లో మన క్రోషే లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. అందరం సంతోషపడ్డాం. కానీ ఇవాళ నేను చెప్పడానికి లేచింది మా గ్రూపు చేసిన తప్పు గురించి.

నిరుడు క్రిస్మస్‌కి సిటీలో ఒక షాపు వాళ్ళు 60 టేబుల్ మ్యాట్లు కావాలన్నారు. కోతల టైము కావడంతో సగం మంది పొలానికి వెళ్ళిపోయారు. గడువు దగ్గర పడింది. బజారులో మీటరు లెక్కన దొరికే మిషను లేసు తెచ్చి 20 మ్యాట్లకి అంచు వేసేశాం. చూస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాం. ఆ మాట అన్నది నేనే.

షాపు మేడం గారు మ్యాటు తిరగేసి చూశారంట. కత్తెర వేసిన చోట అంచు పీచు లేచిపోయింది. ఇరవై కాదండీ, మొత్తం 60 వెనక్కి పంపేశారు. మూడు నెలల లోను కిస్తీ పొదుపులోంచి కట్టుకున్నాం. మూట విప్పినప్పుడు మా గ్రూపులో పెద్దావిడ, మేం పిన్నీ అని పిలుస్తాం, తను అల్లినవి ఏరి పక్కన పెట్టుకుంది. ఒక్కదాంట్లోనూ మిషను ముక్క లేదు. అవీ వెనక్కొచ్చాయి. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అన్నీ ఒకే డిజైను కదా, తనవి ఎలా గుర్తుపట్టిందంటారా? చేతి బిగువండీ. ఒకరు దారం బిగించి లాగుతారు, పువ్వు చిన్నదవుతుంది. ఒకరిది వదులు. అతుకు పని చేసేవాళ్ళకి ఏ పువ్వు ఏ ఇంటి నుంచి వచ్చిందో చూడగానే తెలుస్తుంది. కొనేవాళ్ళు మాత్రం అన్నీ అచ్చు గుద్దినట్టు ఉండాలంటారు. అచ్చు గుద్దినట్టు కావాలంటే మిషనుదే కొనుక్కోవచ్చు కదా అని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇంకో తేడా ఉంది. మనం అల్లిన పువ్వుకి చివరి ముడి విప్పి దారం లాగితే మొత్తం ఊడి మళ్ళీ ఒక్క దారం అయిపోతుంది. తప్పు పోతే విప్పుకుని మళ్ళీ అల్లుకుంటాం. మిషను లేసు అలా విప్పి అల్లుకునేది కాదు.

మిషను మీద నాకు కోపం లేదు. మా గ్రూపు మొదటి లోను కుట్టుమిషనుకే తీసుకున్నాం, గుడ్డకి లేసు అతికేది దాని మీదే. మిషనుది మిషనుదని చెప్పి అమ్మితే ఎవరికీ బాధ లేదు. చేతి పనని చెప్పి మిషనుది అంటగడితేనే, రేపు పిన్ని అల్లింది కూడా ఎవరూ నమ్మరు.

రేటు సంగతి కూడా చెప్పాలి. మరియా మీస్ అనే జర్మనీ ఆవిడ 1982లో మన నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద పుస్తకం వేశారని ఏపీఎం మేడం గారు చెప్పారు. మనం గంటలు గంటలు చేసే పనిని ఖాళీ టైములో చేసే పనిగా లెక్కేస్తున్నారని అందులో రాశారంట. ఇప్పుడు మాత్రం ఏం మారింది? మేం ఈ ఏడాది పొదుపు పుస్తకం వెనక పేజీల్లో గంటలు రాయడం మొదలెట్టాం. రెండు పూటల పని అనుకున్న మ్యాటు 11 గంటలు తేలింది. గంటకి ఎంత పడిందో మైకులో చెప్పడానికి సిగ్గేస్తోంది. నాట్ల కూలి నయం.

అందుకని సమాఖ్యని అడిగేది ఇదీ. చేతి పనికి, మిషను అంచు వేసినదానికి బిల్లులు వేరుగా రాయాలని తీర్మానం చెయ్యండి. చేతి పని చీటీ మీద అల్లినవాళ్ళ పేరు, పట్టిన గంటలు ఉండాలి. రేటు ఆ గంటల్ని బట్టి అడుగుదాం. కొన్ని ఆర్డర్లు పోతాయి, నాకు తెలుసు. కోతలప్పుడు పెద్ద ఆర్డరు వస్తే ఒక్క గ్రూపు మీద వేసుకోకుండా నాలుగు గ్రూపులు పంచుకుందాం.

వెనక్కొచ్చిన మ్యాట్లు రెండు తెచ్చాను. ఒకటి పిన్నిది, ఒకటి నేను అంచు వేసింది. భోజనాల దగ్గర బల్ల మీద పెడతాను, తిరగేసి చూడండి.