పాత రైఫిల్ మీద చెరిపివేయకూడని అక్షరాలు

మీలో ఎన్.సి.సి.లో చేరినవారు 'త్రీ నాట్ త్రీ' అనే మాట వినే ఉంటారు. బ్యారెల్ లోపలి వ్యాసం 0.303 అంగుళం, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇది లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్. 1907లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన దీని మార్క్-3 నమూనాను, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో కూడా తయారుచేశారు.

ఇలాంటి పాత రైఫిల్‌ను బాగుచేయడమంటే కొత్తదానిలా మెరిపించడం కాదు. దాని మీది గుర్తులు పోకుండా, అది మరింత చెడిపోకుండా ఆపడం. ఎందుకో చూద్దాం.

ముందుగా బోల్టు తెరిచి, లోపల తూటా లేదని నిర్ధారించుకుంటారు. ఏ భాగాన్నీ ముట్టకముందే ఫొటోలు తీస్తారు. ఫ్లాష్ ఎదురుగా వేస్తే లోహం తళుక్కుమని అక్షరాలు కనిపించవు. ఒక పక్క నుంచి ఏటవాలుగా వెలుగు పడితే, ప్రతి అక్షరం అంచున నీడ ఏర్పడుతుంది. అరిగిన శిలాశాసనాన్ని చదివే పద్ధతి కూడా ఇదే. కొలత తెలియడానికి పక్కన ఒక స్కేలు ఉంచుతారు.

అప్పుడు ఏం కనబడుతుంది? బ్రిటిష్ కాలంనాటి రైఫిల్ మీద కిరీటం, తయారైన సంవత్సరం. స్వాతంత్ర్యం తర్వాతి ఇషాపూర్ రైఫిల్ మీద అశోక సింహాలు. బోల్టు మీద, రైఫిల్ మీద వరుస సంఖ్యలు. కొన్నిటి మీద 'డీపీ' అనే రెండక్షరాలు.

ఇక తుప్పు సంగతి. పాత తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలినప్పుడు అది పొటాషియం క్లోరైడ్ అనే లవణంగా మారి బ్యారెల్‌లో మిగులుతుంది. గాలిలోని తేమ చేరగానే ఉక్కు తుప్పు పడుతుంది. నూనె రాస్తే చాలదా? చాలదు. లవణం నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. అందుకే సైనికులు బ్యారెల్‌లో మరుగుతున్న నీళ్లు పోసి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పట్టించేవారు. చెక్కభాగానికి అవిసె నూనె పలుచగా పూస్తారు. ఉప్పుకాగితంతో రుద్దితే దాని మీది ముద్రలు అరిగిపోతాయి.

మన దేశంలో .303 నిషిద్ధ బోరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం సాధారణ పౌరులకు అనుమతి లేదు. బ్రిటన్ వంటి దేశాల్లో లైసెన్సు పొందిన సేకరణకర్తలు వీటిని షూటింగ్ రేంజిలో పేలుస్తారు. అయితే ముందుగా ఆయుధ నిపుణుడు బోల్టుకూ తూటా అడుగుభాగానికీ మధ్య ఎడాన్ని గేజితో కొలవాలి. ఎడం ఎక్కువైతే ఇత్తడి తొడుగు చీలి, వేడి వాయువు వెనక్కి తన్నవచ్చు. వరుస సంఖ్యలు కలవకపోతే, బోల్టు వేరే రైఫిల్‌దేమోనని అనుమానించాలి.

'డీపీ' అంటే డ్రిల్లు కోసం మాత్రమే, పేల్చరాదు అని. మెరుపు కోసం ఎవరైనా ఆ రెండక్షరాలనూ అరగదీశారనుకోండి. తర్వాత దాన్ని చేతిలోకి తీసుకునే మనిషికి హెచ్చరించేవారు ఎవరు?

ఈసారి మ్యూజియంలో పాత రైఫిల్ కనిపిస్తే, దాని నిగనిగను కాకుండా దాని మీది అక్షరాలను చూడండి. వాటిలో ఏది చరిత్ర చెబుతోంది, ఏది ప్రాణం కాపాడుతుంది అని మీ నోటు పుస్తకంలో రాసుకోండి.