ఎండ ఉన్న ఊళ్లో ఎముకలకు లోటెందుకు?



నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది జమాఖర్చుల లెక్క. ఎముకలదీ అదే లెక్క. చిన్నతనంలో జమ చేసుకున్న కాల్షియమే ముసలితనం దాకా ఆదుకుంటుంది. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. అది ముఖ్యంగా ఎండ తగిలిన చర్మంలో తయారవుతుంది. పసితనంలో బాగా తగ్గితే ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్లు వస్తాయి. దాన్నే రికెట్స్ అంటారు.

నాట్రంపల్లిలో ఎండకు కరువా అని మీరడగవచ్చు. 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో 1-4 ఏళ్ల పిల్లల్లో నూటికి 14 మందికి, 5-9 ఏళ్ల వారిలో 18 మందికి, 10-19 ఏళ్ల వారిలో 24 మందికి విటమిన్ డి లోటు కనిపించింది. బడి వయసు వచ్చేకొద్దీ లోటు పెరిగింది చూడండి.

ఎండ ఉంటే చాలదు, అది ఒంటికి తగలాలి. ఢిల్లీలో పొగ, దుమ్ము ఎక్కువున్న పేటలోని పసిపిల్లలకు, గాలి బాగున్న చోటి పిల్లలకంటే విటమిన్ డి తక్కువని 2002లో ప్రచురించిన ఒక పరిశోధనలో తేలింది. కిటికీ అద్దం కూడా ఆ కిరణాలను ఆపేస్తుంది. తిరుపతిలో స్విమ్స్ వైద్యులు పరీక్షించి, పగలు 11 నుంచి 2 గంటల మధ్య ఎండలోనే విటమిన్ డి బాగా తయారవుతుందని చెప్పారు. పొద్దుటి లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ దానివల్ల వచ్చేది తక్కువ. ఆ నడిపొద్దు వేళ మన పిల్లలు తరగతి గదిలో ఉంటారు, సెలవురోజైతే ట్యూషన్‌లో.

కనుక మధ్యాహ్నం భోజనం విరామంలో కొంతసేపు చేతులకు, కాళ్లకు ఎండ తగిలేలా ఆడుకోనివ్వండి. తలకు టోపీ, తాగడానికి నీళ్లు ఉండాలి. ఏడాదిలోపు శిశువులను గట్టి ఎండలో ఉంచకండి. వారికి రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు డాక్టరును అడిగి వేయండి. సొంతంగా మోతాదు పెంచితే కిడ్నీలకు చేటు.

ఇక తిండి. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. నానబెట్టి, మొలకెత్తించి పిండి చేస్తే అది ఇంకా బాగా ఒంటికి పడుతుంది. పిల్లలకు రాగిజావ, పాలు, పెరుగు తప్పకుండా పెట్టండి.

స్కాలర్‌షిప్పు అందుకుంటున్న పిల్లలు ఇంకా మంచి మార్కులు తేవాలి. తల్లిదండ్రులకు ఒక్క మనవి: ఆదివారం కూడా ట్యూషన్ పెట్టేముందు, ఆ వారంలో మీ బిడ్డ ఎన్ని గంటలు ఆరుబయట ఉన్నాడో ఒకసారి లెక్క చూసుకోండి.